మనసు రాసిచ్చిన ప్రోనోటు

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని మనకో సామెత వుంది. దొంగ తడుముకుంటే అందులో వింత లేదు. దొంగతనం చెయ్యనివాడు కూడా ఏళ్ళ తరబడి భుజాలు తడుముకుంటూ బతుకుతుంటే ఏమనాలి? ఎవరు ఏది అడిగినా, 'నాకు కాదనే హక్కు లేదు' అనుకుంటూ, వున్నదీ లేనిదీ ఊడ్చి ఇస్తుంటే ఏమనాలి? చూసేవాళ్ళు అతన్ని ధర్మాత్ముడంటారు. అతని రక్తపోటు చూసిన డాక్టరు మాత్రం అలా అనడు.

ఈ వారం అటువంటి మనసుల గురించి చెప్పుకుందాం. దీనికి అపరాధ భావమని పేరు. ఇది మనిషిని మంచివాణ్ణి చెయ్యగలదు, మంచానా పడెయ్యగలదు. రెంటికీ తేడా ఎక్కడుందో తెలుసుకోవడమే ముఖ్యం.

అన్నదమ్ముల కథ

వేమూరు ప్రాంతంలో ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు మార్గానికి కాస్త దూరంలో నాలుగెకరాల మాగాణి. సార్వాలో వరి, ఆ వరి కోతకు ముందే చేలో చల్లిన మినుము. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పదో తరగతితో ఆపి నాగలి పట్టాడు. చిన్నవాడి ఇంజనీరింగు చదువుకు రెండెకరాలు అమ్మారు. చిన్నవాడు అమెరికా వెళ్ళాడు. అందరూ సంతోషించారు.

2021 మే నెలలో, కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు, తండ్రి పోయాడు. ఇండియా నుంచి వచ్చేవారి మీద అమెరికా ఆ నెలలోనే ఆంక్షలు పెట్టింది. వీసా ముద్ర లేకుండా ఇక్కడికి వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళే దారి లేక చిక్కుకుపోయిన రోజులవి. చిన్నవాడు రాలేకపోయాడు. తండ్రి చితి వెలగడం ఫోనులో చూశాడు.

ఆనాటి నుంచి అతను మారిపోయాడు. ప్రతి నెలా అన్నకు డబ్బు పంపుతున్నాడు, మంచిదే. మేనమామ ఆపరేషనుకు పంపాడు, అదీ మంచిదే. బాబాయి కొడుకు ఫీజు, ఊళ్ళో గుడి ప్రహరీ, ముఖపరిచయం మాత్రమే వున్నవాళ్ళ పెళ్ళి ఖర్చు, ఏది అడిగినా కాదనలేదు. అక్కడ అప్పు చేసి ఇక్కడికి పంపాడు. భార్యకు చెప్పలేదు. అర్ధరాత్రి లేచి అన్నకు ఫోను చేస్తాడు. మాటలు ఎక్కువ వుండవు. "అన్నయ్యా, ఏమన్నా కావాలా?" అంటాడు. ఒకనాడు అన్నకు విసుగు పుట్టి, "ఒరేయ్ తమ్ముడూ, నాకు కావలసింది ఏమీ లేదురా. నువ్వొకసారి రా. నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని అన్నం తిను. చాలు," అన్నాడు. తమ్ముడు ఆ నెల మామూలు కంటే ఇంకో పదివేలు ఎక్కువ పంపాడు.

అన్న అడిగిందేమిటి, తమ్ముడు ఇచ్చిందేమిటి? ఈ చిన్న పొంతన లేనితనంలోనే మన విషయమంతా ఇమిడి వుంది.

ఇంకొక మనిషి

డాలర్లు సంపాదించేవారికే ఇలా జరుగుతుందనుకోకండి. పక్షవాతంతో మంచాన పడిన తల్లికి సేవ చేస్తున్న కూతుర్ని తీసుకోండి. ఏడు నెలలు కంటికి రెప్పలా చూసింది. ఒక రాత్రి అలిసిపోయి నిద్రపట్టింది. ఆ గంటలోనే తల్లి దాహమేసి తనంతట తాను లేవబోయి పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆ మర్నాటి నుంచి ఆ కూతురు తల్లి మంచం దగ్గర నుంచి కదలదు. అక్క వచ్చి, "నేను నాలుగు రోజులు చూస్తానే, నువ్వు కాస్త నడుం వాల్చు," అంటే ఒప్పుకోదు. తనకున్న చక్కెర జబ్బుకు మాత్రలు వేసుకోవడం మరచిపోతుంది. భర్త చొక్కా కుట్టించమన్నా, పిల్లవాడు లెక్క చెప్పమన్నా కసురుకుంటుంది. 'ఆ ఒక్క రాత్రి నేను మెలకువగా వుంటే' అన్న మాట లోపల గిర్రున తిరుగుతూనే వుంటుంది. ఏడు నెలల సేవ ఆమె లెక్కలో లేదు. ఒక గంట నిద్ర మాత్రమే వుంది.

ఉప్పెన నేర్పిన పాఠం

తప్పు ఏమీ చెయ్యకపోయినా అపరాధ భావం పుడుతుందా? పుడుతుంది. మన ప్రాంతానికి ఇది బాగా తెలిసిన సంగతి.

1977 నవంబరు 19, శనివారం. వేమూరు నుంచి చూస్తే కృష్ణకు అవతలి గట్టున వున్న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సముద్రం తాటిచెట్ల నడిమి దాకా లేచి ఊళ్ళమీద పడింది. అధికార లెక్కల్లోనే చనిపోయినవారు పదివేల ప్రాంతం. ఆనాడు తెలుగునేలంతా కదిలింది. రామారావు, నాగేశ్వరరావు వంటి పెద్ద నటులు సైతం జోలెపట్టి విరాళాలు సేకరించారు.

అటువంటి ఉప్పెనలో చెట్టుకొమ్మ పట్టుకుని బతికినవాడి స్థితి ఊహించండి. ఒక చేత్తో కొమ్మ, ఒక చేత్తో బిడ్డ. అల వచ్చింది. కొమ్మ మిగిలింది. అది అతని తప్పా? కాదని మనందరికీ తెలుసు. అతని బుద్ధికీ తెలుసు. మనసు మాత్రం వినదు. 'వాళ్ళు పోయి నేనెందుకు మిగలాలి?' అని అడుగుతుంది.

దీన్ని వైద్యులు గుర్తించింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. నాజీల నిర్బంధ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడినవారిని పరీక్షించిన నీడర్లాండ్ అనే మానసిక వైద్యుడు 1960లలో దీని గురించి రాశాడు. వాళ్ళకు నిద్రలేమి, పీడకలలు, దిగులు వున్నాయి. వాటన్నిటి కింద 'నేను బతికాను' అన్న అపరాధ భావం వుంది. హిరోషిమాలో అణుబాంబు నుంచి బతికినవారితో 1962లో మాట్లాడిన లిఫ్టన్ అనే మరో అమెరికన్ వైద్యుడికీ ఇదే కనిపించింది.

అమెరికాలో బాగుపడిన తమ్ముడి మనసులోనూ ఇదే వుంది. తండ్రి అంత్యక్రియలకు రాలేకపోవడం ఒక్కటే కాదు. 'అన్న మాగాణిలో మిగిలాడు, నేను పైకొచ్చాను' అన్న పాత ముల్లు కూడా వుంది. ప్రాణాలు దక్కినా, భాగ్యం దక్కినా, దక్కనివాడు పక్కన వుంటే మనసు అప్పు రాసుకుంటుంది.

అపరాధ భావం చెడ్డదా?

కాదు. ముమ్మాటికీ కాదు. అసలు అపరాధ భావమే లేనివాడితో కాపురం చెయ్యలేం, వ్యాపారమూ చెయ్యలేం. ఒంటికి నొప్పి ఎలాంటిదో మనసుకు ఇది అలాంటిది. పొయ్యి మీద చెయ్యి పడితే నొప్పి చెయ్యి వెనక్కి లాగిస్తుంది. సాటిమనిషిని గాయపరిస్తే అపరాధ భావం మనల్ని వాడి దగ్గరకు తోస్తుంది. క్షమాపణ చెప్పిస్తుంది, నష్టం పూడ్పిస్తుంది.

ఇక్కడ సిగ్గుకూ అపరాధ భావానికీ తేడా తెలుసుకోవాలి. అమెరికాలో హెలెన్ లూయీస్ అనే మనస్తత్వవేత్త 1971లో ఈ తేడాను విడదీసి చూపించింది. 'నేను చెడ్డపని చేశాను' అనుకుంటే అపరాధ భావం. 'నేనే చెడ్డవాణ్ణి' అనుకుంటే సిగ్గు. మొదటిది పని మీద దృష్టి పెడుతుంది, అందుచేత సరిదిద్దుకునే దారి వుంటుంది. రెండవది మనిషి మొత్తాన్నీ కొట్టేస్తుంది, అందుచేత దాక్కోవాలనిపిస్తుంది. పాతపడి ముదిరిన అపరాధ భావం తరచుగా సిగ్గుగా మారుతుంది. 'ఆ రాత్రి నిద్రపోయాను' అన్నది కాస్తా 'నేను పాపిష్టిదాన్ని' అవుతుంది. అక్కడి నుంచి జబ్బు మొదలు.

కాదనలేనితనం ఎక్కడి నుంచి వస్తుంది?

అపరాధ భావం బాధ్యతను ఎలా పెంచుతుందో చూపే ప్రయోగాలు కొన్ని జరిగాయి. 1969లో అమెరికాలో కార్ల్‌స్మిత్, గ్రాస్ అనే ఇద్దరు, విద్యార్థులను పిలిచి ఒక మీట నొక్కమన్నారు. కొందరు నొక్కితే ఎదుటివాడికి కరెంటు షాకు తగులుతుందని నమ్మించారు. మరికొందరు నొక్కితే ఉత్త గంట మోగుతుందన్నారు. నిజానికి ఎవరికీ షాకు తగల్లేదు, ఎదుటివాడు నటించాడు. తర్వాత ఆ 'షాకు తిన్న' మనిషే, చెట్ల పరిరక్షణ కోసం కొందరికి ఫోన్లు చేసిపెట్టగలవా అని అడిగాడు. గంట మోగించినవారి కంటే షాకు ఇచ్చామనుకున్నవారిలో ఎంతో ఎక్కువమంది ఒప్పుకున్నారు.

1972లో రీగన్ అనే పరిశోధకుడూ అతని సహచరులూ చేసిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. బజారులో ఒక మనిషి దారినపోయే స్త్రీలను తన ఫోటో తియ్యమని అడుగుతాడు. కెమెరా పనిచెయ్యదు. కొందరితో 'మీవల్లే చెడిపోయింది' అంటాడు. కొందరితో 'మీ తప్పేం లేదు' అంటాడు. వాళ్ళు కాస్త ముందుకు వెళ్ళగానే, చిరిగిన సంచిలోంచి సరుకులు కారిపోతూ వేరొక స్త్రీ ఎదురుపడుతుంది. 'నీవల్లే చెడింది' అనిపించుకున్నవారిలో నూటికి 55 మంది ఆమెను ఆపి చెప్పారు. తప్పు లేదనిపించుకున్నవారిలో చెప్పినవారు నూటికి 15 మంది.

చూశారా? నష్టం కెమెరా మనిషికి, సాయం సంచీ మనిషికి! తండ్రికి చెయ్యలేనిది ముఖపరిచయస్తుల పెళ్ళికి ఎందుకు వెళ్ళిందో ఇప్పుడు అర్థమవుతుంది. అపరాధ భావానికి అసలు ఋణదాత ఎవరో గుర్తుండదు. ఎదురైనవాడల్లా ఋణదాతలాగే కనిపిస్తాడు.

ఇంకొక సంగతి. 2011లో నెదర్లాండ్స్‌లో డి హూగ్, ఆమె సహచరులు చేసిన ప్రయోగాల్లో తేలిందేమంటే, అపరాధ భావంతో వున్నవాడు తాను నొప్పించిన మనిషికి ఎక్కువ ఇస్తాడు. కాని ఆ ఎక్కువను తన వాటాలోంచి కాక, పక్కనున్న మూడోవాడి వాటాలోంచి తీస్తాడు. ఇది వింటే కోపం రావచ్చు. కాని మన ఇళ్ళల్లో చూడండి. తమ్ముడు అన్నకు పంపే డబ్బులో భార్య నగలున్నాయి, పిల్లల చదువు వుంది. కూతురు తల్లికి చేసే అదనపు సేవలో భర్తకూ పిల్లవాడికీ రావలసిన సమయం వుంది. త్యాగం మనదనుకుంటాం. చెల్లించేది మనవాళ్ళు.

ప్రోనోటు సంగతి

మన గుంటూరు సీమలో ప్రోనోటు అంటే తెలియనివారు లేరు. దానికి మూడేళ్ళ గడువు. గడువు దాటితే కోర్టులో చెల్లదు. అందుకని తెలిసిన షావుకారు గడువులోగా ఎంతో కొంత జమ చేయించుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటాడు. ఆ చెల్లు పడ్డ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. బాకీ చచ్చిపోకుండా వుండేది చెల్లింపుల వల్లనే!

ముదిరిన అపరాధ భావం ఇటువంటి నోటే. ఎవరో ఏదో అడిగారు. 'సరే' అన్నాం. ఆ పూట గుండె తేలికపడింది. కాని ఆ సరే అనడంతోనే 'అవును, నేను బాకీ వున్నాను' అని మరొకసారి సంతకం పెట్టినట్టయింది. అందుకే ఎంత ఇచ్చినా తరగదు. పైగా అసలు ప్రోనోటులో మొత్తం రాసి వుంటుంది. ఈ నోటులో మొత్తం రాయలేదు, వడ్డీ రాయలేదు, తీర్చవలసిన పేరూ రాయలేదు. అటువంటి బాకీని ఏ కుబేరుడు తీర్చగలడు?

ఇందులో మరో ప్రమాదం వుంది. కొందరు ఈ సంగతి కనిపెడతారు. అందరూ దుర్మార్గులై కాదు, అవసరంలో వుండి. 'నువ్వు ఇక్కడ లేవుగా, నీకేం తెలుస్తుంది' అన్న ఒక్క మాట అంటే చాలు, ఎదుటివాడు కరిగిపోతాడని గ్రహిస్తారు. ఇచ్చేవాడికి లోపల్లోపల కసి పెరుగుతుంది. కసి పెరిగిందని మళ్ళీ అపరాధ భావం. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఒంటి మీద ఏం చేస్తుంది?

మనసు పదే పదే ఒకే తప్పును నెమరు వేస్తుంటే శరీరం విశ్రాంతిలోకి వెళ్ళదు. నిద్ర చెడుతుంది. తెల్లవారుజామున మూడు నాలుగింటికే మెలకువ వస్తుంది. ఆకలి మందగిస్తుంది, లేదా అవసరం లేకపోయినా తింటారు. తలనొప్పి, ఛాతీ పట్టేసినట్టుండటం, కడుపులో మంట. రక్తపోటు, చక్కెర జబ్బు వున్నవారికి అవి అదుపు తప్పుతాయి. కారణం మందు పనిచెయ్యకపోవడమే కానక్కర్లేదు. చాలామంది మందే వేసుకోరు. 'నాకు ఎక్కడ బాగుంటే ఏముంది' అనుకుంటారు. కొందరు మగవారు సాయంత్రానికి సీసా పడతారు. రాత్రి మరపు, తెల్లారితే రెట్టింపు పశ్చాత్తాపం.

మితిమీరిన అపరాధ భావం డిప్రెషన్ అనే జబ్బు లక్షణాల్లో ఒకటని వైద్యశాస్త్రం లెక్కవేస్తుంది. అంటే తప్పు వల్ల దిగులు పుట్టడమే కాదు, దిగులు జబ్బే లేని తప్పులను పుట్టిస్తుంది. ఇరవై ఏళ్ళ నాటి చిన్న అబద్ధం మహాపాపంగా కనిపించడం మొదలుపెడితే, ఆ మనిషికి నీతిబోధ కాదు, వైద్యం కావాలి.

భట్టిప్రోలు భిక్షువుల తెలివి

వేమూరుకు దగ్గరలోనే భట్టిప్రోలు వుంది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే బయటకు తీసిన ధాతు కరండాలు ప్రపంచ ప్రసిద్ధం. రెండువేల ఏళ్ళకు పూర్వమే ఆ గట్ల మీద బౌద్ధం వర్ధిల్లింది. బౌద్ధ సంఘపు నియమాల్లో అపరాధ భావానికి ఒక చక్కని చికిత్స వుంది.

పక్షానికి ఒకసారి భిక్షువులు కూడి నియమాలు వల్లిస్తారు. దానికి ముందు ఎవరు ఏ పొరపాటు చేసినా తోటి భిక్షువుకు చెప్పెయ్యాలి. చిన్న తప్పయితే చెప్పడంతోనే సరి. పెద్ద తప్పులు కొన్నింటికి ఆరు రాత్రుల ప్రత్యేక నియమం. తప్పును దాచిపెడితే, ఎన్ని రోజులు దాచాడో అన్ని రోజులు అదనం. గడువు పూర్తికాగానే ఇరవైమందికి తగ్గని సంఘం అతన్ని తిరిగి తనలో కలుపుకుంటుంది. ఆ తర్వాత అతను అందరిలో ఒకడే.

ఇందులో మూడు సంగతులు గమనించండి. తప్పు బయటకు చెప్పాలి. శిక్షకు ఒక కొలత వుండాలి. కొలత పూర్తయ్యాక ముగింపు వుండాలి. మన మనసు విధించే శిక్షలో ఈ మూడూ లేవు. వేమూరి గగ్గయ్య 1933 నాటి 'సావిత్రి' చిత్రంలో యముడి వేషం కట్టాడు. పాతతరం వారికి యముడంటే అతనే. ఆ యముడు సైతం సావిత్రి మాట విని పాశం వదిలాడు. మనలో కూర్చున్న యముడు మాత్రం వాదన వినడు, తీర్పు రాయడు, వాయిదాలే వేస్తాడు.

ఏం చెయ్యాలి?

మొదటిది: కాగితం మీద రాయండి. నేను చేసిన పని ఏమిటి? అప్పుడు నాకు తెలిసింది ఏమిటి? తర్వాత తెలిసింది ఏమిటి? ఈ రెంటినీ కలపకండి. ఫలితం తెలిశాక, అది ముందే తెలిసి వుండవలసిందని అనిపించడం మనిషి బుద్ధికి సహజమైన పొరపాటని 1975లో ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వవేత్త ప్రయోగాలతో చూపాడు. ఆ రాత్రి తల్లి లేవబోతుందని తెలిసి కూతురు నిద్రపోలేదు. ఏడు నెలల అలసట వల్ల నిద్రపోయింది.

రెండవది: వాటాలు వెయ్యండి. జరిగినదానికి కారణాలన్నీ వరసగా రాయండి. తండ్రి విషయంలో అయితే వ్యాధి, ఆనాటి ఆంక్షలు, ఆసుపత్రుల్లో దొరకని పడకలు. ఒక్కొక్కదానికి రూపాయిలో ఎన్ని పైసలో వేసుకుంటూ రండి. మీ వాటా ఆఖరున వెయ్యండి. సున్నా రానక్కర్లేదు. కాని రూపాయికి రూపాయీ మీది కాదని కంటికి కనిపిస్తుంది. మానసిక వైద్యులు ఈ పద్ధతి వాడతారు.

మూడవది: చెప్పండి. నొచ్చుకున్న మనిషి బతికి వుంటే నేరుగా చెప్పండి. 'అన్నయ్యా, పొలం అమ్మిన సంగతి నన్ను తినేస్తోంది' అన్న మాట వంద మనియార్డర్ల కంటే బలమైనది. అన్న ఏమనుకుంటున్నాడో అప్పుడే తెలుస్తుంది. మనం ఊహించుకున్న కోపం అక్కడ వుండకపోవచ్చు. మనిషి పోయి వుంటే, వారికి ఉత్తరం రాసి తద్దినం నాడు చదువుకోండి. నమ్మినవారు ఒకరు పక్కన వుంటే మంచిది.

నాలుగవది: నిజంగా తీర్చవలసింది వుంటే దానికి కొలత పెట్టండి. ఏమిటి, ఎవరికి, ఎంత, ఎప్పటివరకు. భార్యాభర్తలు కలిసి కూర్చుని నిర్ణయించండి. అన్న పిల్లల చదువు పూర్తయ్యేవరకు ఇంత అనుకుంటే, అది బాధ్యత. అది పూర్తయిన రోజు నోటు చింపెయ్యాలి.

ఐదవది: కొత్తగా ఎవరైనా అడిగితే ఆ పూటే జవాబు చెప్పకండి. 'రేపు చెబుతాను' అనండి. రాత్రి ఒక ప్రశ్న వేసుకోండి: నా మనసులో ఆ పాత తప్పు లేకపోయి వుంటే ఈ పని చేసేవాణ్ణా? అవునంటే సంతోషంగా చెయ్యండి. కాదంటే అది సాయం కాదు, చెల్లు వెయ్యడం.

ఆరవది: ఎదుటివారు అడిగిందే ఇవ్వండి. అన్న నాలుగు రోజులు రమ్మన్నాడు. డబ్బు పంపడం తేలిక, వచ్చి ఆ ఇంటి అరుగు మీద కూర్చోవడం కష్టం. కష్టమైనదే ఇక్కడ మందు.

సేవ చేస్తున్నవారికి వేరే మాట ఒకటి. మీ మందులు, మీ తిండి, మీ నిద్ర కూడా రోగి చికిత్సలో భాగమే. అక్క వచ్చి చూస్తానంటే మంచం అప్పగించండి. అలసిన చెయ్యి రోగిని సరిగ్గా పట్టుకోలేదు.

ఇంట్లోవారు ఏమనాలి?

'ఊరుకో, నీ తప్పేం లేదు' అని వెంటనే కొట్టిపారెయ్యకండి. అది ఓదార్పు కాదు, నోరు ముయ్యించడం. ముందు పూర్తిగా విననివ్వండి. 'ఆ రోజు ఏం జరిగింది?' అని అడగండి. అంతా విన్నాక, 'నీ స్థానంలో నేను వుంటే నువ్వు నన్ను ఇంతగా దండించేవాడివా?' అనండి. ఆ ప్రశ్నకు చాలామంది తలెత్తి చూస్తారు. అన్నిటికంటే ముఖ్యం, పాత తప్పును ఆయుధంగా వాడకండి. పని జరుగుతుంది, మనిషి మిగలడు.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు?

రెండు వారాలకు పైగా రోజంతా దిగులుగా వున్నా, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయినా, నిద్రా ఆకలీ చెడినా, ఆలస్యం చెయ్యకండి. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెబితే మానసిక వైద్యుల వద్దకు పంపుతారు. మాటలతో చేసే చికిత్స వుంది, మందులూ వున్నాయి. డిప్రెషన్ మందులు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే గుణం లేదని మానకూడదు, గుణం కనిపించిందని డాక్టరుకు చెప్పకుండా ఆపకూడదు.

'నేను పోతేనే ఈ బాకీ తీరుతుంది' అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, అది అత్యవసరం. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో అందుబాటులో వుంచకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పోలీసు కేసు అవుతుందని కొందరు దాస్తారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో వున్నాడనే చట్టం భావించాలనీ, శిక్షించరాదనీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

చివరగా ఒక్క మాట. అశోకుడు కళింగ యుద్ధంలో లక్షమందిని చంపించాడు. అతని పశ్చాత్తాపం పదమూడవ శిలాశాసనంలో వుంది. మన కర్నూలు సీమ ఎర్రగుడి బండల మీదా అతని శాసనాలున్నాయి. ఆ మనిషి పశ్చాత్తాపంతో అడవికి పోయి ఏడుస్తూ కూర్చోలేదు. బావులు తవ్వించాడు, బాటలకు చెట్లు నాటించాడు, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాడు. పనికి పెట్టిన పశ్చాత్తాపం చెట్టయి నీడనిస్తుంది. లోపల దాచుకున్న పశ్చాత్తాపం చెదలై ఇంటి దూలాన్నే తింటుంది.

కనుక బాకీ నిజంగా వుంటే తీర్చండి. తీర్చాక నోటు చింపండి. అసలు బాకీయే లేదని తేలితే, ఇక మీదట ఆ కాగితం మీద సంతకం పెట్టడం మానెయ్యండి.